పంపు గదిలో మిగిలిపోయిన పూల్ రసాయనాలను ఏం చేయాలి?

ఈత కొలను మూతపడినా, నిర్వహణ కాంట్రాక్టు చేతులు మారినా, పంపు గదిలో సగం వాడిన డబ్బాలు మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. మా అపార్ట్‌మెంట్‌లో ఆ గదిని సర్దడానికి దిగినప్పుడు తెల్లని పొడి ఉన్న మూడు నీలం డ్రమ్ములు, లేబుల్ వెలిసిపోయిన ఒక బకెట్టు, వాటి పై అరలో యాసిడ్ క్యాన్లు కనిపించాయి. సగం సగం ఉన్నవాటిని ఒకే డ్రమ్ములో పోసి చోటు ఖాళీ చేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడని పని అదే.

పని చేసేవారు అన్నింటినీ ‘క్లోరిన్’ అనే పిలుస్తారు కానీ అవి వేర్వేరు రసాయనాలు. ఒకటి కాల్షియం హైపోక్లోరైట్. ఇందులో క్రిమిసంహారానికి అందే క్లోరిన్ (అవైలబుల్ క్లోరిన్) సాధారణంగా 65 నుంచి 70 శాతం ఉంటుంది. మరొకటి బిళ్ళలుగానూ పలుకులుగానూ దొరికే టీసీసీఏ (ట్రైక్లోరో ఐసోసయన్యూరిక్ యాసిడ్). ఇందులో దాదాపు 90 శాతం. ఈ రెండూ కలిసి కాస్త తడి తగిలితే వేడెక్కి మండుతాయి, పేలే గుణమున్న నైట్రోజన్ ట్రైక్లోరైడ్ కూడా పుట్టవచ్చు. అందుకే ఒకదానిలో ముంచిన మగ్గును రెండోదానిలో పెట్టకూడదు, ఒకదానికి వాడిన ఫీడరులో (రసాయనాన్ని కొద్దికొద్దిగా నీటిలోకి వదిలే పరికరంలో) మరొకటి వేయకూడదు. వీటిలో దేనిపై యాసిడ్ పడినా క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అది గాలికన్నా సుమారు రెండున్నర రెట్లు బరువైనది కనుక, నేలమట్టానికి దిగువన ఉండే పంపు గదుల్లో బయటకు పోలేక అడుగునే పేరుకుంటుంది.

నీటి సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, కాన్యర్స్ పట్టణంలో 2024 సెప్టెంబర్ 29న ఒక పూల్ రసాయనాల కర్మాగారంలో నిల్వలు తడిసి మంటలు లేచాయి, వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించవలసి వచ్చింది. మన గదిలో ఉన్నది ఒక డ్రమ్మే కావచ్చు, కానీ కారుతున్న పైపు దాని మీదే ఉంటే జరిగే చర్య అలాంటిదే.

సర్దే పనిని ఉదయం చల్లని వేళ, తలుపులన్నీ తెరిచి, ఇద్దరు కలిసి మొదలుపెట్టండి. రబ్బరు గ్లౌజులు, కళ్లను పూర్తిగా కప్పే రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. మామూలు గుడ్డ మాస్కు క్లోరిన్ వాయువును ఆపదు. డబ్బాపైకి వంగకుండా, ముఖం పక్కకు తిప్పి, మూతను మీకు దూరంగా ఉన్న అంచు వైపు నుంచి నెమ్మదిగా ఎత్తండి. డబ్బా ఉబ్బి ఉన్నా, చేతికి వెచ్చగా తగిలినా దానిని తెరవవద్దు. లోపల గడ్డకట్టినదాన్ని గునపంతో పొడవకూడదు. కిందపడిన పొడిని తిరిగి డబ్బాలో పోయకూడదు, రంపపు పొట్టుతోనో పాత గుడ్డతోనో తుడవకూడదు, ఎందుకంటే అవి అంటుకునే వస్తువులు.

నిల్వకు నీడ, గాలి, పొడి నేల కావాలి. మే నెలలో కాగే రేకుల షెడ్డు పనికిరాదు. ప్రతి రసాయనమూ దాని అసలు డబ్బాలోనే, దాని సొంత పొడి ప్లాస్టిక్ మగ్గుతో ఉండాలి. ద్రవాలను పొడుల పైన ఎప్పుడూ పెట్టకండి. యాసిడ్‌ను వేరే గదిలో ఉంచడమే మేలు. పెట్రోలు, పెయింట్లు, ఎరువులు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. తాగునీటి సీసాలో యాసిడ్ పోసి ఉంచే అలవాటును మాత్రం ఆ రోజే మాన్పించాలి.

ఇక వదిలించుకోవడం. పొడిగా, లేబుల్‌తో ఉన్నదాన్ని కొలనులోనే వాడి ఖర్చు చేయడం అన్నిటికన్నా మంచి దారి. లేబుల్‌లో చెప్పిన మోతాదు మించకుండా, రసాయనాన్ని నీటిలో వేయాలి తప్ప రసాయనంలో నీరు పోయకూడదు. టెస్ట్ కిట్‌లో క్లోరిన్ 1–3 పీపీఎం (నీటిలో పది లక్షల భాగాలకు 1–3 భాగాలు), పీహెచ్ 7.2–7.8 మధ్య ఉండేలా చూసుకోవాలి. మీ కొలను మూసేసి ఉంటే, అసలు డబ్బాతో సహా మరో కొలను నిర్వాహకులకు ఇవ్వవచ్చు. డ్రైనేజీలో పోస్తే అది నేరుగా కాలనీ మురుగు శుద్ధి ప్లాంటుకు చేరి, అక్కడ మురుగును శుద్ధి చేసే సూక్ష్మజీవులనే చంపుతుంది. చెత్త ఆటోలో వేస్తే తడి చెత్తతో, నూనెతో కలిసి మంట పుట్టవచ్చు, ఆ ఆటో నడిపే మనిషే మొదట గాయపడతాడు. పూడ్చడం, తగలబెట్టడం కూడా వద్దు. తడిసినవి, గుర్తుపట్టలేనివి ఉంటే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయాన్ని సంప్రదించండి. ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రాలు హైదరాబాద్ శివార్లలోని దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ఉన్నాయి.

డబ్బా నుంచి పొగ వస్తే మూత పెట్టకండి, చెంబుడు నీళ్లు చల్లకండి. గోడకున్న, మంటలార్పే ఏబీసీ పొడి సిలిండర్‌ను కూడా ముట్టుకోకండి. అందులోని అమ్మోనియం లవణం ఈ రసాయనాలతో కలిస్తే ప్రమాదం పెరుగుతుంది. గాలి ఎటు నుంచి వీస్తోందో అందరినీ అటు వైపుకు, ఎత్తైన చోటికి పంపి, 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి రసాయనం పేరు చెప్పండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీటితో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఖాళీ అయిన డ్రమ్మును బాగా కడిగి, ఆ నీటిని కొలనులోనే పోసి, అడుగున రెండు మూడు పెద్ద రంధ్రాలు చేయించండి. నీలం డ్రమ్ము కనిపిస్తే మన దగ్గర నీళ్లు పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్తారు.