టైమ్ టేబుల్ మూడో రోజుకే ఆగిపోతోందా? ఉద్యోగం చేస్తూ గ్రూప్-2 చదివేవాళ్ల కోసం

తెలంగాణ గ్రూప్-2 అంటే నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. ఆఫీసు, బస్సు, ఇంటి పనులు పోను నాకు రోజుకి మిగిలేది మూడు గంటలు. ఆ మూడు గంటలకి వేసుకున్న టైమ్ టేబుళ్లు చాలానే మధ్యలో ఆగిపోయాయి. పట్టుదల లేదేమో అని బాధపడేవాణ్ని. తీరా ఎక్కడ ఆగుతోందో గమనిస్తే, దాదాపు ప్రతిసారీ సరిచేసుకోగలిగే చిన్న కారణమే కనిపించింది.

సమస్య: అలారం మోగుతుంది, లేవలేకపోతున్నా

రాత్రి పన్నెండింటికి పడుకుని నాలుగున్నరకి లేవాలంటే ఒకట్రెండు రోజులు లాగుతాం, మూడో రోజు ఒళ్లు ఒప్పుకోదు. లేచే టైమ్ కంటే ముందు పడుకునే టైమ్ సరిచేయండి. నాలుగు రోజులకోసారి పావుగంట చొప్పున త్వరగా పడుకోండి. సాయంత్రం ఐదు దాటాక టీ, కాఫీ వద్దు. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఫోన్ వంటింట్లో ఛార్జింగ్ పెట్టండి.

సమస్య: లేచి కూర్చుంటా, కానీ చదువు మొదలవ్వదు

టైమ్ టేబుల్లో "5 నుంచి 6:30 పాలిటీ" అని ఉంటుంది. పాలిటీలో, అంటే రాజ్యాంగం, పాలనలో ఏది? నిద్రమత్తులో అది తేల్చుకోవాలి. ఈ పుస్తకమా, ఆ నోట్సా అని తిరగేస్తుండగానే అరగంట పోతుంది.

నేను రాత్రి పడుకునే ముందు చీటీ రాసుకుంటాను: "ఆర్టికల్ 14 నుంచి 18. తర్వాత 20 బిట్లు." పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి, మధ్యలో చీటీ పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద పెన్ను పెడతాను. పొద్దున ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంటే ఆలోచించాల్సింది ఏమీ ఉండదు. మిగతావన్నీ వదిలేసినా సరే, ఈ ఒక్కటి మాత్రం చేసి చూడండి.

సమస్య: చదివింది టెస్టులో గుర్తుకు రావట్లేదు

గీతలు గీస్తూ అదే పేజీ మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసినట్టే అనిపిస్తుంది. కళ్లకి అలవాటైంది తప్ప మనసుకి పట్టలేదు. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నంత వరకు రాయండి. ఆర్టికల్ 17 అంటరానితనం నిషేధం అని రాశారు, 18 దగ్గర పెన్ను ఆగింది. అప్పుడు పుస్తకం తెరిచి బిరుదుల రద్దు అన్నది ఒక్కటే చూసుకోండి. అలా వెతికి పట్టుకున్నది నిలుస్తుంది. నేర్చుకున్నదాంట్లో చాలా భాగం మొదట్లోనే వేగంగా జారిపోతుందని జర్మన్ పరిశోధకుడు ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసి చూపించాడు. అందుకే మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు అదే కాగితం ఆట మళ్లీ ఆడాలి, పది నిమిషాలు చాలు.

సమస్య: ఒక్కరోజు తప్పితే అంతా వదిలేస్తున్నా

తప్పిన మూడు గంటల్ని మర్నాటి మీద వేస్తాం. ఆరు గంటలు ఎలాగూ కుదరవు, టెన్షన్ పెరిగి ఆ రోజు కూడా పోతుంది. బాకీని మర్నాటికి మోయకండి. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉంచి, అక్కడ తీర్చండి. లండన్‌లో అలవాట్ల మీద జరిగిన ఒక అధ్యయనంలో ఓ పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. ఒక్కరోజు తప్పినంత మాత్రాన వాళ్ల అలవాటు చెడిపోలేదు కూడా. జ్వరం వచ్చినా, పెళ్లికి వెళ్లినా ఓ పది బిట్లు చేయండి.

సమస్య: ఇంట్లో కుదురుగా కూర్చోనివ్వరు

చాలాసార్లు మనం చెప్పకపోవడమే కారణం. "చదువుకోవాలి" అంటే ఎవరికీ అర్థం కాదు. "అమ్మా, ఆరున్నర వరకు పిలవకు, పాల ప్యాకెట్ ఆ తర్వాత తెస్తా" అన్నాను. ఇప్పుడు ఆరున్నరకి అమ్మే తలుపు దగ్గరికి వచ్చి, "అయిందా నాన్నా?" అని అడుగుతుంది.