షాపులో దొంగతనం జరిగితే: ఫిర్యాదు, ఎఫ్‌ఐఆర్, సరుకు వాపసుకు దరఖాస్తు విధానం

కోఠి, సుల్తాన్ బజార్, బేగంబజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్. పండగ సీజన్ వచ్చిందంటే ఈ బజార్లలో కౌంటర్ దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు. ఆ రద్దీలోనే రెండు చీరలో, ఒక ఇయర్‌బడ్స్ పెట్టో మాయమవుతాయి. "పోతే పోయింది, స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు" అని చాలామంది వ్యాపారులు వదిలేస్తారు. అదే మనిషి నెల తిరక్కుండా మళ్లీ వస్తాడు, పక్క షాపుకీ వెళ్తాడు. ఎప్పుడో దొరికితే కాగితాల్లో అతని మీద పాత కేసు ఒక్కటీ కనబడదు.

మొదటిసారా, రెండోసారా అన్నదాని మీదే శిక్ష చాలావరకు ఆధారపడి ఉంటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్, సెక్షన్ 303(2) ప్రకారం దొంగతనానికి మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అదే సెక్షన్ కింద రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడాది, గరిష్ఠంగా ఐదేళ్ల కఠిన కారాగార శిక్ష, దానికితోడు జరిమానా. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, నిందితుడికి మొదటిసారి శిక్ష పడుతుండి, సరుకో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపెడతారు. కాబట్టి చిన్న దొంగతనమే అయినా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఈసారి ఫలితం లేకపోయినా వచ్చేసారి అదే అక్కరకొస్తుంది.

ఆ 5,000 అంకెకు ఇంకో పని కూడా ఉంది. అంతకంటే తక్కువ విలువ గల మామూలు దొంగతనం నాన్ కాగ్నిజబుల్ కిందికి వస్తుంది. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. "ఎఫ్‌ఐఆర్ కాదండీ" అని స్టేషన్‌లో అన్నప్పుడు అది ప్రతిసారీ సాకే అనుకోవద్దు. అయితే సొత్తును భద్రపరిచే భవనంలోంచి దొంగతనం జరిగితే సెక్షన్ 305 ఉంది. దానికి ఏడేళ్ల వరకు శిక్ష, విలువతో నిమిత్తం లేకుండా కాగ్నిజబుల్, అంటే పోలీసులు నేరుగా దర్యాప్తు మొదలుపెట్టొచ్చు. రాత్రి షట్టర్ పగలగొట్టి వస్తే ఇళ్లు పగలగొట్టిన నేరం కూడా కలుస్తుంది. పనిలో పెట్టుకున్న కుర్రాడే తీశాడంటే సెక్షన్ 306. ఇవన్నీ మీరు పిటిషన్‌లో రాయక్కర్లేదు, ఏ సెక్షన్ పెట్టాలన్నది వాళ్లు చూసుకుంటారు. సరుకు ఎక్కడ ఉండగా పోయింది, షాపు లోపలి ర్యాక్‌లోనా, గోడౌన్‌లోనా, బయట ఫుట్‌పాత్ మీద వేలాడదీసిన హ్యాంగర్ నుంచా అన్నది మాత్రం తేటగా రాయండి. సెక్షన్ తేలేది అక్కడే.

స్టేషన్‌కు వెళ్లేముందు

మొదట సీసీ కెమెరా సంగతి చూడండి. చిన్న హార్డ్‌డిస్క్ ఉన్న డీవీఆర్‌లో, అంటే కెమెరా రికార్డింగ్ పెట్టెలో, పది పదిహేను రోజులకే పాత రికార్డింగ్ చెరిగిపోతుంది. ఒకేసారి 100 మంది, లేదా రోజుకు 500 మంది వచ్చే సంస్థలు ఫుటేజీని 30 రోజులు దాచాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్టం కాబట్టి ఇటు తెలంగాణలో, అటు ఆంధ్రప్రదేశ్‌లో రెండుచోట్లా ఉంది. మీ షాపు ఆ లెక్కలోకి రాకపోయినా 30 రోజులు నిలిచేంత హార్డ్‌డిస్క్ పెట్టుకోవడం మంచిది. స్టాక్ సరిచూసుకునేది నెలాఖరులో కదా మరి!

ఫుటేజీని మానిటర్ ముందు ఫోన్ పెట్టి వీడియో తీసి ఇవ్వకండి. డీవీఆర్ నుంచి అసలు ఫైలునే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. మనిషి లోపలికి వచ్చినప్పటి నుంచి బయటికి వెళ్లేదాకా మొత్తం ఉండాలి, సరుకు తీసిన ఇరవై సెకన్ల ముక్క చాలదు. డీవీఆర్ గడియారం సరిగ్గా ఉందో లేదో అప్పుడే చూసుకోండి. అది పన్నెండు నిమిషాలు ముందుంటే ఆ మాట పిటిషన్‌లోనే రాసేయండి. లేదంటే బిల్లులో ఒక టైము, వీడియోలో ఒక టైము ఉందని రేపు కోర్టులో డిఫెన్స్ లాయర్ పట్టుకునేది దాన్నే.

ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో రెండు భాగాలుంటాయి. మొదటి భాగం డీవీఆర్ ఎవరి అజమాయిషీలో ఉందో వాళ్లు, అంటే మీరు, నింపాలి. పరికరం కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, ఫైలు హ్యాష్ విలువ రాయాలి. రెండో భాగం నిపుణుడు నింపుతాడు. హ్యాష్ అనగానే టెన్షన్ పడొద్దు. అది ఫైలుకు వేలిముద్ర లాంటి నంబరు, కెమెరాలు బిగించే కుర్రాడు కంప్యూటర్‌లో నిమిషంలో తీసిస్తాడు.

వీటితోపాటు సరుకు కొన్న బిల్లు, స్టాక్ రిజిస్టర్‌లో ఆ పేజీ జిరాక్స్, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదా ట్రేడ్ లైసెన్స్ కాపీ, మీ ఆధార్ కాపీ పెట్టండి. విలువను కొనుగోలు బిల్లు ప్రకారమే చూపండి. 5,000 దాటించాలని ఎమ్మార్పీకి ఇంకాస్త కలిపి రాస్తే కేసు మొత్తానికే ఎసరొస్తుంది.

పిటిషన్ ఎలా రాయాలి

తెలుగులో రాయొచ్చు, ఎవరి సాయమూ అక్కర్లేదు. ఈ పద్ధతిలో ఉంటే చాలు:

"గౌరవనీయులైన స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. విషయం: మా షాపులో జరిగిన దొంగతనం గురించి. అయ్యా, నేను ఫలానా వీధిలో రెడీమేడ్ బట్టల షాపు నడుపుతున్నాను. ఫలానా తేదీ శనివారం సాయంత్రం సుమారు 6.40 గంటలకు 30 ఏళ్ల వయసున్న వ్యక్తి, నీలం గళ్ల చొక్కా, భుజాన నల్ల బ్యాగుతో షాపులోకి వచ్చి, లోపలి గదిలోని రెండో ర్యాక్ నుంచి మూడు జీన్స్ ప్యాంట్లు బ్యాగులో పెట్టుకుని బిల్లు కట్టకుండా వెళ్లిపోయాడు. కొనుగోలు బిల్లు ప్రకారం వాటి విలువ 3,450 రూపాయలు. రాత్రి స్టాక్ చూసుకుంటుండగా విషయం తెలిసింది. ఇదే వ్యక్తి గత నెల ఫలానా తేదీన కూడా వచ్చినట్లు ఫుటేజీలో ఉంది. అప్పుడు పోయిన సరుకు వివరాలు విడిగా జతచేశాను. దయచేసి తగిన చర్య తీసుకోగలరని కోరుతున్నాను."

చివరి వాక్యం ఎవరైనా రాస్తారు. చాలామంది మరిచిపోయేది దాని ముందు మాట, పాత తేదీల సంగతి. మూడుసార్లు పోయినదంతా కూడి "మొత్తం పదివేలు" అని రాస్తే నిలవదు, ఒక్కో దొంగతనం ఒక్కో నేరం. విడివిడిగా తేదీ, సరుకు, విలువ రాయండి. ఏడాది లోపు జరిగిన ఒకే రకం నేరాలను ఐదింటి వరకు కలిపి విచారించడానికి భారతీయ నాగరిక సురక్ష సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్, సెక్షన్ 242 వీలిస్తుంది.

ఎక్కడ ఇవ్వాలి

మీ వీధి ఏ స్టేషన్ కిందికి వస్తుందో తెలియకపోయినా ఫర్వాలేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాల్సిందే, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. "రోడ్డుకు అటువైపు మాది కాదు" అన్న మాటకు కాలం చెల్లింది. అయినా దర్యాప్తు చేసేది మీ ఏరియా స్టేషనే, నేరుగా అక్కడికే వెళితే రెండు రోజులు కలిసొస్తాయి. రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద తేదీతో స్టాంపు, సంతకం వేయించుకోండి. రసీదు లేకుండా పిటిషన్ ఇచ్చి రావద్దు.

ఆన్‌లైన్‌లో కూడా పంపొచ్చు. రెండు రాష్ట్రాల పోలీసు శాఖల వెబ్‌సైట్లలోనూ ఫిర్యాదుకు వీలుంది. కానీ మూడు రోజుల్లోగా స్టేషన్‌కు వెళ్లి సంతకం చేస్తేనే అది ఎఫ్‌ఐఆర్‌గా రికార్డుకెక్కుతుంది. ఈ సంగతి తెలియక పంపేసి ఊరుకునేవాళ్లు ఎక్కువ.

ఎఫ్‌ఐఆర్ అయితే కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. సుప్రీంకోర్టు 2016 తీర్పు తర్వాత సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు వెబ్‌సైట్‌లోనూ పెడుతున్నారు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమైతే, డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేసి ఆ తర్వాత నిర్ణయం తీసుకునే అధికారం పోలీసులకుంది. ఆ 14 రోజులు ఆగండి, అది దాటితే అడగండి. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోగా మీకు చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే.

నాన్ కాగ్నిజబుల్ అని తేలినా ఖాళీ చేతులతో రావద్దు. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 174 ప్రకారం సారాంశాన్ని పుస్తకంలో నమోదు చేసి, మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి. ఆ నమోదు నంబరు రాసుకోండి. అదే మనిషి మళ్లీ వచ్చినప్పుడు చూపించడానికి మీ చేతిలో ఉండే కాగితం అది. కోర్టు అనుమతి కోసం తిరగాలా వద్దా అన్నది విలువను బట్టి మీరే ఆలోచించుకోండి. రెండు వేల సరుకు కోసం నాంపల్లి కోర్టు చుట్టూ తిరగమని నేనైతే చెప్పను. నంబరు మాత్రం వదలొద్దు.

కాగ్నిజబుల్ నేరమైనా తీసుకోకపోతే పిటిషన్‌ను పోస్టులో ఎస్పీకి, కమిషనరేట్‌లో అయితే డీసీపీకి పంపండి. స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్పీ ఆఫీసుల్లో సోమవారం జరిగే పీజీఆర్‌ఎస్‌లో, అంటే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, కూడా ఇవ్వొచ్చు.

దొరికినప్పుడు

చేతిలో సరుకుతో దొరికాడంటే ముందు 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. కళ్లముందు జరిగిన, బెయిలు రాని కాగ్నిజబుల్ నేరానికి మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చు. కానీ ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం, బలవంతంగా బట్టలు వెతకడం వద్దు. కేసు మీ మీదికి తిరుగుతుంది. మహిళ అయితే మహిళా కానిస్టేబుల్‌ను పంపమని ఫోన్‌లోనే చెప్పండి.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే దారి వేరు. పెద్దవాళ్లతో కలిసి చేసినది కాకపోతే ఇలాంటి నేరాలకు ఎఫ్‌ఐఆర్ ఉండదు, జనరల్ డైరీలో రాసి బాలల న్యాయ మండలికి తెలియజేస్తారు. వాళ్ల ఫోటో వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో పెడితే అదే నేరం, జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74. పెద్దవాళ్ల ఫోటోలైనా సరే, "దొంగ" అని రాసి గ్రూపుల్లో తిప్పేకంటే స్టేషన్ క్రైమ్ టీమ్‌కు పంపడం మేలు.

సరుకు వాపసు, రాజీ

రికవరీ అయిన సరుకు స్టేషన్ గదిలో దుమ్ము పట్టి, సీజన్ అయ్యాక చేతికొస్తే ఎవరికి లాభం? అందుకే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 497 కింద కోర్టులో దరఖాస్తు వేయండి. ఎఫ్‌ఐఆర్ నంబరు, సరుకు వివరాలు, కొనుగోలు బిల్లు జతచేయాలి. సొత్తు కోర్టు ముందుకొచ్చిన 14 రోజుల్లో వివరాల పట్టిక తయారు చేసి, ఫోటోలు తీయించి, ఆ తర్వాత 30 రోజుల్లో ఎవరికివ్వాలో ఉత్తర్వు వేయాలి. ఆ ఫోటోలే సాక్ష్యంగా చెల్లుతాయి.

303(2) కేసులో సొత్తు యజమాని రాజీ పడొచ్చు. పాత శిక్ష కారణంగా ఎక్కువ శిక్ష పడాల్సిన మనిషైతే మాత్రం రాజీకి చట్టం ఒప్పుకోదు. లోక్ అదాలత్‌లో సంతకం పెట్టేముందు అతని పాత కేసులేమైనా ఉన్నాయా అని అడగండి.

మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల మీద ఉమ్మడి దరఖాస్తు

ఒకే మనిషి నాలుగైదు షాపుల్లో చేతివాటం చూపుతుంటే, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 129 కింద చర్య కోరుతూ వ్యాపారులంతా కలిసి ఇవ్వొచ్చు. అలవాటుగా దొంగతనాలు చేసేవాళ్ల నుంచి మంచి ప్రవర్తనకు మూడేళ్ల వరకు బాండు రాయించుకునే సెక్షన్ అది. ఉత్తర్వు వేసేది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు. హైదరాబాద్ లాంటి కమిషనరేట్‌లో ఆ అధికారం పోలీసు ఉన్నతాధికారులకే ఉంటుంది. దరఖాస్తు ఎస్‌హెచ్‌ఓకు, కాపీ ఏసీపీకి ఇవ్వండి. ఒక్కో షాపు నుంచి పిటిషన్ రసీదు, లేదా నాన్ కాగ్నిజబుల్ నమోదు నంబరు జతచేయాలి. పదిమంది సంతకాల కంటే నాలుగు పాత నంబర్లకే ఎక్కువ బలం.

వీధి కెమెరాల కోసం కూడా ఇదే దారిలో అడగొచ్చు. పాత బజార్లకు మెరుగులు దిద్దే పనులు ఊపందుకున్నాయి. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను 2020లో బాగుచేశారు, చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి నడకదారి వేశారు. ఇలాంటి పనుల్లో ఫుట్‌పాత్ తవ్వితే కెమెరా కేబుల్ తెగడం మామూలే. పని పూర్తయ్యాక లైట్లు వెలుగుతాయి గానీ కెమెరా సంగతి ఎవరికీ పట్టదు. మీ వీధిలో పని మొదలవుతోందని తెలియగానే, ఏ స్తంభం మీద ఏ కెమెరా ఉందో రాసి మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకు ఒక కాపీ, స్టేషన్‌కు ఒక కాపీ ఇవ్వండి. కొత్త కెమెరాలకు వ్యాపారులే చందాలు వేసుకుని పోలీసులతో కలిసి పెట్టే కమ్యూనిటీ పద్ధతి తెలంగాణలో "నేను సైతం" పేరుతో ఉంది. దానికి వీధి పటం, కరెంటు ఎవరి మీటర్ నుంచి ఇస్తారు, చెడిపోతే ఖర్చు ఎవరిది అన్న మూడూ దరఖాస్తులోనే తేల్చి రాయాలి. కరెంటు విషయం తేలకే చాలాచోట్ల కెమెరాలు కళ్లు మూసుకుని ఉంటాయి.