యువత మీటింగులో ఈ ప్రశ్న వస్తే ఎలా మాట్లాడాలి

కాజీపేటలో మా కతోలిక చర్చిలో ఆదివారం పూజ అయ్యాక యువతకు సత్యోపదేశం, అంటే విశ్వాస పాఠాలు, చెప్తాను. స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లు గురువులు (చర్చి ఫాదర్లు) కావచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు. నవ్వులు మొదలయ్యేలోపే 2005 నాటి వాటికన్ పత్రం చదివించండి: ఆ ఆకర్షణ లోతుగా ఉన్నవారిని గురువిద్యాలయంలో (ఫాదర్లకు శిక్షణ ఇచ్చేచోట) చేర్చుకోకూడదు, తాత్కాలికమైతే డీకన్ పట్టానికి (గురువు కావడానికి ముందు మెట్టు) కనీసం 3 ఏళ్ల ముందే దాటి ఉండాలి. 2016 నాటి వాటికన్ పత్రంలోనూ అదే మాట. వెంటనే సత్యోపదేశ గ్రంథంలో 2358వ అంశం చదివించాలి: వాళ్లను గౌరవంతో, కనికరంతో ఆదరించాలి. గొడవంతా ‘లోతుగా’ అన్న మాట మీదే. బ్రహ్మచర్యం గురువులందరికీ ఒకటే కదా, దాన్ని పాటించగలిగితే చాలనే వైపే నా మనసు మొగ్గుతుంది.

మౌనంగా ఉన్న పిల్లవాణ్ని మాత్రం అందరి ముందూ కదిలించకండి. పోయినేడు ఒకబ్బాయి పాటల పుస్తకం అంచు మడుస్తూనే కూర్చున్నాడు. అందరూ వెళ్లాక చాయ్ పోసిచ్చాను. గంటకు నోరు విప్పాడు.