పిల్లలతో తొలిసారి కొండ మీద రాత్రి బస: శీతకాలంలో మన్యం వెళ్ళే తల్లిదండ్రులకు జాగ్రత్తలు

వానలు వెనకబట్టి కార్తీకం వచ్చిందంటే పాడేరు, చింతపల్లి వైపు వెళ్ళే బళ్ళ సంఖ్య పెరుగుతుంది. వంజంగి కొండ మీద తెల్లవారుజామున కాళ్ళ కింద పరచుకొనే మబ్బులను, లంబసింగి మంచును చూడడానికి టెంట్లు, సంచులు వీపున వేసుకొని బయలుదేరే వారిలో ఐదారేళ్ళ పిల్లలను వెంటబెట్టుకొని వచ్చే తల్లిదండ్రులూ ఉంటారు. పిల్లలను తీసుకువెళ్ళడం తప్పు కాదు. అయితే ఇల్లు కదలక ముందే ఒక లెక్క తేల్చుకోవాలి: దారి మధ్యలో బిడ్డ ఇక నడవలేనని కూలబడితే, చీకట్లో, సామానుతో సహా ఆ బిడ్డను ఎత్తుకొని కిందికి దిగగలమా? ఆ వయసు పిల్లలు సాధారణంగా 16 నుంచి 20 కిలోల బరువుంటారు. దానికి 10 కిలోల సంచి కూడా తోడవుతుంది. దిగలేమనిపిస్తే సామాను తగ్గించాలి, లేదా బరువు పంచుకోగల మరొక పెద్దవారిని వెంట తీసుకువెళ్ళాలి, అదీ కుదరకపోతే బండి ఆగిన చోటికి దగ్గరలోనే బస చూసుకోవాలి.

బిడ్డ మోసే సంచి తన బరువులో పదో వంతుకు మించకూడదు. మొదటిసారి అందులో నీళ్ళ సీసా, ఒక స్వెట్టరు, ఈల, కొద్దిపాటి తినుబండారాలు ఉంటే చాలు. ప్రయాణానికి ముందు రెండు మూడు ఆదివారాలు, కొండ మీద తొడుక్కోబోయే బూట్లతోనే నడిపించాలి. విశాఖ వారికి సింహాచలం మెట్లు, కంబాలకొండ దగ్గరలోనే ఉన్నాయి. టెంటులో మొదటి నిద్ర కొండ మీద కాక మేడ మీద కావడం మంచిది. ఎక్కేటప్పుడు పిల్లల నడకను గంటకు కిలోమీటరుగా లెక్క వేసుకొని, ఎన్ని గంటలకు ఎక్కడున్నా వెనుదిరగాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకోవాలి. పైకి వెళ్ళాక, ఎదురుగా మబ్బులు కనిపిస్తుండగా, ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరికైనా కష్టమే. అనుకున్న చోట టెంటు వేసుకోనిస్తారో లేదో అటవీశాఖ వారినీ స్థానికులనూ ముందే అడిగి తెలుసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ చూపవలసింది చలి విషయంలో. డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి ప్రాంతంలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే కిందికి పడిపోయే తెల్లవారుజాములుంటాయి. సముద్రతీరాన పెరిగిన పిల్లలకు ఆ చలి అలవాటు లేదు. ఒంటి బరువుతో పోలిస్తే పిల్లల చర్మం విస్తీర్ణం ఎక్కువ కనుక వారు పెద్దల కంటే త్వరగా వేడిని కోల్పోతారు. బిడ్డను భుజాన ఎక్కించుకొని నడిచే తండ్రికి చొక్కా తడిసేంత చెమట పడుతున్న వేళలోనే, కదలిక లేని బిడ్డ కాళ్ళూ చేతులూ చల్లబడిపోతుంటాయి. కాబట్టి తన ఒంటి వేడిని బట్టి బిడ్డ స్వెట్టరు విప్పకూడదు, మెడ వెనుక చేయి పెట్టి చూడాలి. చలేస్తోందని చాలామంది పిల్లలు నోటితో చెప్పరు. మాటలు తగ్గిస్తారు, ఊరికే చిరాకు పడతారు, రోజూ తానే జిప్పు పెట్టుకొనే బిడ్డ వేళ్ళు మొద్దుబారి జిప్పు కొసను పట్టుకోలేక వదిలేస్తుంది. అది కనిపించిన మరుక్షణం ఆగి, తడి బట్టలు మార్చి, తలకు టోపీ పెట్టి, తీపి కలిపిన వేడి పాలో రాగిజావో తాగించాలి. వణుకు ఆగిపోయి బిడ్డ మగతగా ఉంటే చలి తగ్గిందని కాదు, ప్రమాదం ముదిరిందని అర్థం. అప్పుడు నోటితో ఏమీ తాగించకుండా, పొడి దుప్పట్లలో మీ ఒంటికి హత్తుకొని ఆసుపత్రికి చేర్చాలి. తడిస్తే నూలు బట్ట వెచ్చదనం ఇవ్వదు కనుక ఉన్ని గాని, త్వరగా ఆరే బట్టలు గాని ఎంచుకోవాలి. పడుకొనే ముందు తొడిగే పొడి మేజోళ్ళను పగలు ఎంత అవసరమొచ్చినా బయటికి తీయకూడదు. పైన ఎన్ని దుప్పట్లు కప్పినా కింద మందపాటి ఫోమ్ చాప లేకపోతే నేల చలి ఒంటిలోకి పాకుతుంది.

చలికి తాళలేక చలిమంటలోని నిప్పులను గిన్నెలో ఎత్తి టెంటులో పెట్టుకోవడం, లోపలే స్టవ్ వెలిగించడం ప్రాణాంతకం. వాటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవారికి మెలకువ కూడా రాదు. ఈ విషయంలో మినహాయింపు లేదు, తలుపు కొంచెం తెరిచి ఉంచాం కదా అన్న సమాధానమూ చెల్లదు.

ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులైన పిల్లలు కొండ కిందికి చేరేసరికే నీరసించి ఉంటారు కనుక, అదే రోజు ఎక్కించకుండా ఒక రాత్రి కింద విశ్రాంతి ఇవ్వడం మేలు. వాగు నీరు ఎంత తేటగా కనిపించినా బాగా మరగనిచ్చి చల్లార్చాకే తాగించాలి. ఓఆర్ఎస్ పొట్లాల్లో లీటరు నీటికి సరిపడేవీ, 200 మిల్లీలీటర్లకు సరిపడేవీ రెండు రకాలు దొరుకుతాయి. పెద్ద పొట్లాన్ని గ్లాసు నీళ్ళలో కలిపితే ఉప్పు మోతాదు మించి బిడ్డకు హాని జరుగుతుంది కాబట్టి పొట్లం మీద రాసిన కొలత చదివి కలపాలి. జ్వరం మందు మోతాదు వయసును బట్టి కాక బరువును బట్టి ఉంటుంది కనుక, దాన్ని ముందే వైద్యుణ్ణి అడిగి సీసా మీద రాసిపెట్టుకోవాలి.

చీకట్లో బిడ్డ ఎప్పుడూ ఇద్దరు పెద్దల మధ్య నడవాలి. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగకుండా ఉన్నచోటే చెట్టును ఆనుకొని నిలబడి, మూడేసి సార్లు ఈల ఊదాలని నేర్పాలి. కట్లపాము రాత్రివేళ నేల మీద నిద్రించేవారిని కరుస్తుంది, కాటు నొప్పి తెలియకపోనూవచ్చు. అందువల్ల టెంటు జిప్పు ఎప్పుడూ మూసే ఉంచాలి. తెల్లవారాక బిడ్డకు కడుపునొప్పితో పాటు కనురెప్పలు వాలిపోతుంటే అజీర్తి అనుకోకుండా, పాముకాటేమోనని అనుమానించి, కట్లు కట్టకుండా, గాటు పెట్టకుండా, యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆ మందు ఎక్కడ ఉందో వెళ్ళేటప్పుడే కనుక్కోవాలి. 108కు ఫోన్ చేయాలన్నా అన్నిచోట్లా సిగ్నల్ అందదు.

ఏజెన్సీలో మలేరియా ఉంది కనుక సాయంత్రం నుంచి నిండుచేతుల చొక్కా, పొడుగు ప్యాంటు వేయాలి. దోమల మందును ముందు మీ చేతికి రాసుకొని, దానితో బిడ్డకు పూయాలి. బిడ్డ అరచేతులకు, కళ్ళ దగ్గర పూయకూడదు. ఇంటికి తిరిగి వచ్చిన నెల రోజుల్లో జ్వరం వస్తే, మామూలు జలుబు జ్వరమేనని అనుకోకుండా వెంటనే వైద్యుని దగ్గరికి వెళ్ళి, పాడేరు వైపు రాత్రి బస చేశామని చెప్పి మలేరియా పరీక్ష చేయించాలి. గడ్డిలో ఉండే సన్నని పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌లో, కుట్టిన చోట సిగరెట్టు కాలినట్లు నల్లటి పొక్కు కట్టవచ్చు కనుక, స్నానం చేయించేటప్పుడు చంకలు, గజ్జలు, చెవుల వెనుక వెతికి చూసి, ఉంటే ఆ సంగతీ వైద్యునికి చూపాలి.