చమురు ఒలికి వేట ఆగిపోతే నష్టపరిహారం ఎలా అడగాలి?

2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరు రేవు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి. చమురేమీ ఒలకలేదని రేవు వాళ్లు మొదట ప్రకటించారు. రోజులు తిరక్కుండానే ఒడ్డున జనం బకెట్లతో నల్లటి జిగట ఎత్తిపోశారు. కాబట్టి ఎవరి ప్రకటన కోసమూ ఆగకండి. వలకు జిడ్డు అంటిన రోజే పరిహారం పని మొదలుపెట్టండి.

1. సాక్ష్యం దాచండి

ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి వల, బోటు, ఒడ్డు, చచ్చిన చేపలు అన్నిటికీ ఫొటోలు తీయండి. పాడైన వలలో ఒక ముక్కయినా కడక్కుండా విడిగా ఉంచండి. మత్స్యశాఖ ఆఫీసులో అర్జీ ఇచ్చి, మీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నోటితో చెప్పి వచ్చింది తర్వాత లెక్కకు రాదు.

2. పోయిన రాబడి లెక్క తేల్చండి

అసలు చిక్కంతా ఇక్కడే. చేప ఒడ్డుకు రాగానే వేలం, చేతికి డబ్బు, సావుకారు బాకీ పోగా మిగిలింది వాటాలు. కాగితం ఎక్కడుంటుంది? అయినా వెతికితే జాడలు దొరుకుతాయి. వేలం వేసేవాళ్ల చిట్టా, డీజిల్, ఐసు బిల్లులు, ఫోన్‌పే లావాదేవీలు, సహకార సంఘం పుస్తకం, కలాసీల (బోటు మీద పనిచేసేవాళ్ల) వాటాలు రాసుకున్న నోటుబుక్కు, బోటు రిజిస్ట్రేషన్. వీలైతే గత మూడేళ్లవి తీయండి.

మార్చి నష్టాన్ని పాత మార్చి నెలలతోనే పోల్చాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఇంజను బోట్లకు ఎలాగూ వేట నిషేధం. ఆ రోజులు కూడా కలిపేస్తే మిగతా లెక్క మీదా అనుమానం వస్తుంది.

బోటు కదలకపోతే డీజిల్, ఐసు ఖర్చు మిగిలినట్టే కదా, అది తీసేసి అడగాలి. నెలకు 60,000 రూపాయల అమ్మకం, 25,000 ఖర్చు ఉండే బోటు నెలంతా ఆగిందనుకోండి, నష్టం 35,000. ఎక్కువ రాస్తే ఎక్కువ వస్తుందనుకునేవాళ్లు ఉంటారు. ఉబ్బించిన అంకె ఒక్కటి బయటపడితే నిజమైన అంకెలనూ నమ్మరు.

పరిహారం ఒక్క బోటు యజమానికే అనుకోవద్దు. కలాసీ, గంపలో చేపలమ్మే ఆమె, ఎండుచేపల వ్యాపారి కూడా తమ నష్టం చూపించి అడగవచ్చు. ఊరి జాబితాల్లో ముందు జారిపోయేది ఆడవాళ్ల పేర్లే. దగ్గరుండి రాయించుకోండి.

3. ఎవరిని అడగాలి?

చమురు ఎక్కడి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి దారి మారుతుంది. చమురు మోసే ట్యాంకరైతే ముందు ఓడ యజమాని, అతని బీమా సంస్థ. అది చాలకపోతే లండన్‌లోని అంతర్జాతీయ చమురు కాలుష్య పరిహార నిధి. భారత్ అందులో సభ్యదేశం. గడువు నష్టం జరిగిన నాటి నుంచి 3 ఏళ్లు. అర్జీ పెట్టి ఎదురుచూస్తూ కూర్చుంటే గడువు ఆగదు, ఆలోపు తేలకపోతే కోర్టులో దావా వేయాల్సిందే.

సరుకు ఓడ ఇంధనమైతే ఆ నిధి వర్తించదు, యజమానినీ, అతని బీమా సంస్థనే పట్టుకోవాలి. పరిహారం కోసం ఓడలను హైకోర్టు ద్వారా ఆపించవచ్చు. 2025 మేలో కేరళ తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే సరుకు ఓడ మునిగాక, అదే గ్రూపుకు చెందిన మరో ఓడను కేరళ హైకోర్టు అలాగే ఆపించింది.

ఒడ్డునున్న రిఫైనరీ, పైప్‌లైన్‌ల వల్లయితే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. మన రాష్ట్రాలూ దాని పరిధిలోనివే. అక్కడ గడువు 5 ఏళ్లు. అడిగే పరిహారంలో 1 శాతం ఫీజు కట్టాలి, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. లాయరు ఖర్చు గురించి టెన్షన్ ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరునిస్తారు.

4. సంతకం పెట్టేముందు

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతో ఎన్నూరు కాలవలోకి చమురు వచ్చినప్పుడు తమిళనాడు ప్రభుత్వం బాగా దెబ్బతిన్న కుటుంబానికి 12,500, బోటు మరమ్మతుకు 10,000 రూపాయలు ప్రకటించింది. ఇలాంటి సాయం తీసుకోండి. కాకపోతే అది అందరికీ ఒకే లెక్క, మీకు పోయినదానికి కొలత కాదు. ఎంత అందిందో మాత్రం రాసిపెట్టుకోండి.

కంపెనీ తరఫు మనుషులు తెచ్చే అచ్చు కాగితాలతోనే జాగ్రత్త. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలాక, త్వరగా డబ్బు కావాలన్నవాళ్లకు ఒక్కొక్కరికి 5,000 డాలర్లు ఇచ్చారు, ఇకపై దావా వేయబోమన్న సంతకం తీసుకుని. మీ ముందుకొచ్చిన కాగితంలో 'పూర్తి, తుది పరిష్కారం' లాంటి మాట ఉంటే వేలిముద్ర కూడా వేయకండి. నకలు అడిగి తీసుకుని, లాయరుకు చూపించాకే మళ్లీ రమ్మనండి.