రాంచ్ కుటుంబం కాగితాలు: పెట్టె తెరవగానే సర్దేయకండి

నేను అమెరికాలోని వయోమింగ్‌లో, పాత కాగితాలు భద్రపరిచే ఒక ఆర్కైవ్‌లో పనిచేస్తా, పశువుల రాంచ్‌లు నడిపిన కుటుంబాలవాళ్ళు తాతలనాటి కాగితాలు అట్టపెట్టెల్లో తెస్తుంటారు, వాళ్ళందరికీ ముందు చెప్పేది ఒక్కటే, తేదీల ప్రకారం సర్దేయకండి అని. ఆ ఇంట్లో ఏ కాగితం పక్కన ఏది పెట్టుకున్నారో అది కూడా సమాచారమే, ఒకసారి చెదిరితే మళ్ళీ దొరకదు. అందుకే ముందు ఫోన్‌తో ఫొటోలు తీసి, ఏ కట్ట ఏ సొరుగులోదో రాసిపెట్టుకోండి, పెన్సిల్‌తోనే, పెన్ను వద్దు.

మొన్న ఒక ట్యాలీ బుక్ వచ్చింది, చొక్కా జేబులో పట్టేంత పుస్తకం, పశువుల్ని ఐదేసి గీతల చొప్పున లెక్కేశారు, 1949 జనవరికి వచ్చేసరికి గీతలు ఆగిపోయి రోజూ "మంచు" అన్న ఒక్క మాటే ఉంది. ఆ జనవరి 2న మొదలైన మంచు తుఫానుకి ఇక్కడ వేల పశువులు చచ్చిపోయాయి. ఆ పేజీల మధ్యే ఎండుగడ్డి కొన్న బిల్లు మడతపెట్టి ఉంది, దాన్ని తీసుకెళ్ళి మామూలు బిల్లుల్లో కలిపేస్తే ఆ కథ అక్కడితో పోయినట్టే! నేనైతే బిల్లుని యాసిడ్-ఫ్రీ ఫోల్డర్‌లో పెట్టి, ఏ పేజీలో దొరికిందో రాసి, పుస్తకం వెనకే ఉంచా.

తుప్పు పట్టిన క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు మెల్లగా తీసేయండి, టేపు, లామినేషన్ జోలికి మాత్రం అస్సలు వెళ్ళొద్దు. పేపర్ కటింగులు పక్కనున్న కాగితాల్ని కూడా పసుపు చేస్తాయి, విడిగా పెట్టండి. 1950ల ముందు నెగెటివ్‌లు నైట్రేట్ ఫిల్మ్ కావచ్చు, దానికి తేలిగ్గా నిప్పంటుకుంటుంది, వేరుచేసి ఆర్కైవ్‌వాళ్ళకి చెప్పండి. అటకా వద్దు, బేస్‌మెంటూ వద్దు, వేడీ తేమా పెద్దగా మారని గదిలో ఉంచితే చాలు.

భూమి కాగితాలు కాస్త జాగ్రత్త. స్థిరపడేవాళ్ళకి ప్రభుత్వ భూమి ఇచ్చే 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు, 1916 చట్టంతో మేత భూమి 640 ఎకరాల దాకా వచ్చేది, అక్కడ ఉండి భూమిని బాగుచేసినట్టు చూపిస్తే పేటెంట్ ఇచ్చేవాళ్ళు, అంటే మన పట్టా లాంటిదన్నమాట. ఎవరి పశువో తెలిసేలా కాల్చి వేసే గుర్తుకి, అంటే బ్రాండ్‌కి, ఇచ్చిన సర్టిఫికెట్ ఇంకా వాడుకలో ఉంటే ఒరిజినల్ ఇంట్లోనే ఉంచుకుని కాపీ ఇవ్వండి.

ఫొటోల్లో ఎవరెవరున్నారో పెద్దవాళ్ళని ఇప్పుడే అడగండి, వాళ్ళు చెప్తుంటే రికార్డ్ చేయండి. ఇక ఇచ్చేటప్పుడు సంతకం పెట్టే దానపత్రంలో, బతికున్నవాళ్ళ సొంత ఉత్తరాలు ఎన్నేళ్ళ దాకా ఎవరికీ చూపించకూడదో ముందే రాయించుకోండి.