చైనా రాజుల పింగాణీ మీద బొమ్మల్ని ఎలా చదవాలి

మ్యూజియంలో చైనా పింగాణీ కనిపిస్తే అబ్బ ఎంత బాగుందో అని ఫోటో తీసుకుని వెళ్ళిపోతాం కదా, ఈసారి ఒక్క పది నిమిషాలు ఆగండి, ఎందుకంటే దాని మీద ఉన్నవి చాలావరకు దీవెనలు. మింగ్, చింగ్ వంశాల కాలంలో జింగ్‌డెజెన్ ఊళ్ళో రాజుగారి కోసం నడిచిన బట్టీల్లో ఊరికే అందానికి వేసిన బొమ్మలు బాగా తక్కువ.

డ్రాగన్ ఉంటే ముందు గోళ్ళు లెక్కపెట్టండి. కాలికి ఐదుంటే మామూలుగా చక్రవర్తి గుర్తు, నాలుగైతే ఆయన కింద వాళ్ళది. తర్వాత బయటి బట్టీల వాళ్ళూ ఐదు వేసేశారు, అందుకని ఇదొక్కటే చూసి డిసైడ్ అవ్వద్దు.

అసలు కిటుకు శబ్దంలో ఉంది, మన శ్లేష లాంటిదే. ఆ వస్తువుని చైనీస్‌లో ఏమంటారు, అదే శబ్దానికి ఇంకేం అర్థం ఉంది అని చూడాలి. మనకి గబ్బిలం ఇంట్లోకొస్తే అపశకునం, వాళ్ళకి గబ్బిలం "ఫు", భాగ్యం కూడా "ఫు", అందుకే రాజుగారి గిన్నెల మీద అన్ని గబ్బిలాలు. ఎరుపు రంగు వేస్తే ఇంకా మంచిది, ఎరుపుని "హోంగ్" అంటారు, అపారం అనడానికీ అదే శబ్దం. ఐదు గబ్బిలాలుంటే ఐదు భాగ్యాలు: ఆయుష్షు, ఐశ్వర్యం, ఆరోగ్యం, మంచి నడత, చివరికి ప్రశాంతమైన చావు. ఈ ఐదోది తెలిసినప్పుడు నాకు మా నాయనమ్మ రోజూ చదివే "అనాయాసేన మరణం" శ్లోకం గుర్తొచ్చి అక్కడే కాసేపు నిలబడిపోయాను.

చేప "యు", మిగులు కూడా "యు". తామర పక్కన చేప ఉంటే ఏటేటా మిగలాలి అని. జింక "లు", సర్కారు జీతం కూడా "లు". పీచ్ పండు మాత్రం శబ్దం వల్ల కాదు, దీర్ఘాయుష్షు కథల్లోంచి వచ్చింది. యొంగ్‌జెంగ్ చక్రవర్తి కాలం (1723–35) పీచ్ పళ్ళేలు దొరికితే వదలకండి, కొమ్మ బయట అడుగు దగ్గర మొదలై అంచు ఎక్కి లోపలికి దిగుతుంది, పండు మీద గులాబీ రంగు సన్న చుక్కలు చుక్కలుగా అద్దుంటుంది, కాబట్టి వీలైతే పక్కకి వంగి బయటివైపు కూడా చూడాలి.

రంగు కూడా మాట్లాడుతుంది. చింగ్ అంతఃపురంలో లోపలా బయటా పసుపు ఉన్న గిన్నెలు రాజమాతకి, పట్టపురాణికి. బయట పసుపు, లోపల తెలుపు ఉంటే ఆ తర్వాతి రాణికి. ఇంకో మెట్టు దిగితే పసుపు మీద ఆకుపచ్చ డ్రాగన్లు.

అడుగున ఉండే ముద్ర చివర్లో చూడండి. ఆరు అక్షరాలు రెండు నిలువు వరుసల్లో ఉంటే కుడి వరుస నుంచి పైనుంచి కిందికి చదవాలి, ఫలానా వంశం ఫలానా చక్రవర్తి కాలంలో చేసింది అని ఉంటుంది. దాన్ని బట్టి వయసు మాత్రం కట్టొద్దు, కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో (1662–1722) చేసిన వాటి మీదే రెండొందల ఏళ్ళ కిందటి చెంగ్‌హ్వా చక్రవర్తి ముద్ర వేసేవాళ్ళు, పాతవాళ్ళ పనితనం మీద గౌరవంతో. హైదరాబాద్ వాళ్ళైతే సాలార్ జంగ్‌లో చైనా పింగాణీ ఉంది, అద్దం వెనక అడుగులు కనపడకపోయినా గబ్బిలాలు వెతకడంతో మొదలుపెట్టొచ్చు.